పాత ఊరికి కొత్త ఊపిరి: కందుకూరి వీరేశలింగం పంతులుగారు

గోదావరి గట్టున నిలిచిన రాజమహేంద్రవరం మిక్కిలి ప్రాచీన నగరం. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు ఇచ్చట రాజ్యమేలినాడు. ఆయన కొలువులోనే నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణకు పూనుకొన్నాడు. కాలక్రమాన కోటలు పోయినవి. కోటగుమ్మం, కందకం అన్న పేర్లు మాత్రం మిగిలినవి. ఇట్టి ముదుసలి నగరానికి పునరుజ్జీవనం కలిగించడం ఎట్లు? వీధులు వెడల్పు చేయడమా, శిథిల గృహాలను పడగొట్టడమా, ఉన్నవాటినే బాగుచేసుకోవడమా అని నేటి పట్టణ నిర్మాణ నిపుణులు తర్కిస్తూనే ఉన్నారు. ఆ శాస్త్రం ఇంకా మన దేశానికి రాకపూర్వమే, ఈ ఊరి పాత వీధులలో పుట్టి పెరిగిన ఒక తెలుగు పండితుడు ఆ ప్రశ్నకు తన జీవితంతో సమాధానం చెప్పినారు. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848వ సంవత్సరం ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా పెదతండ్రి ఆదరణలో పెరిగినారు. ఆయన పుట్టేనాటికి సమీపంలోని ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆధ్వర్యాన ఆనకట్ట పని సాగుచున్నది. 1852 నాటికి అది ముగిసి డెల్టా పొలాలకు నీరు పారినది. పల్లెలు పచ్చబడినవి, పంటలు పెరిగినవి. కాని పట్టణపు వీధులలో ఆచారపు అడ్డుకట్టలు చెక్కుచెదరలేదు. ఆడపిల్ల పలక పట్టుకొని బడికి పోవడం వింత. పసితనాన భర్తను పోగొట్టుకొన్న బాలికకు మూల గదే లోకం. ఊరు పెద్దదే, ఇండ్లు పెద్దవే. వానిలో అందరికీ చోటు లేదు.

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన పంతులుగారు ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయులుగా ఉండగా, 1874లో అచ్చట బాలికా పాఠశాలను నెలకొల్పినారు. ఆ సంవత్సరమే వివేకవర్ధని పత్రికను స్థాపించినారు. అటు తరువాత రాజమహేంద్రవరంలోని ఇన్నీసుపేటలో కూడ బాలికల బడి వెలసినది. పత్రిక మూఢాచారాలను మాత్రమే విమర్శించి ఊరుకొనలేదు. కచేరీలలో లంచాలు మేసే ఉద్యోగుల గుట్టును కూడ బయటపెట్టినది. 1880లో ఆయన తన విద్యార్థులచేత నాటకాలు ప్రదర్శింపజేసినారు. ఇట్లు బడి, పత్రిక, రంగస్థలం మూడూ ఊరివారికి తమను తాము చూచుకొనే అద్దాలైనవి.

అసలు పరీక్ష 1881వ సంవత్సరం డిసెంబరు 11వ తేదీన వచ్చినది. నాడు పంతులుగారి స్వగృహంలో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ అను వధూవరులకు వివాహం జరిగినది. తెలుగునాట ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం అదే. ఊరు భగ్గుమన్నది. వంటవారు రాలేదు, నీళ్లు మోసేవారు మానివేసినారు. వచ్చినవారికి వెలి తప్పలేదు. అప్పుడు ఆయన అర్ధాంగి రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి పోయి నీళ్లు మోసుకొని వచ్చి వంట చేసినారు. విద్యార్థులు వీధిలో కావలి కాచినారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేసినారు. పాత ఊరిలోని ఒక ఇంటి తలుపు ఆనాడు తెరచుకొన్నది. ఆ తలుపును మూయించడానికి పీఠాధిపతుల శ్రీముఖాలు సైతం చాలలేదు. పంతులుగారి పూనికతో తరువాత జరిగిన ఇట్టి వివాహాలు 40 వరకు ఉండునని చెప్పుదురు.

వ్యక్తుల ధైర్యంతో మొదలైన పని సంస్థలు లేకున్న నిలువదని ఆయన గ్రహించినారు. ఊరివారు కులభేదం లేక ఒకచోట కూర్చుండి మంచిచెడ్డలు మాటాడుకొనుటకు దేవాలయ మండపాలు చాలవు. అందుచేత ఆయన పూనికతో 1890లో పురమందిరం లేచినది. ఆయన పేరిట నేటికీ పిలువబడుచున్న టౌన్‌హాలు అదే. కాని వితంతు శరణాలయం విషయంలో మరొక సత్యం తెలిసివచ్చినది. నిరాశ్రయులైన స్త్రీలకు పాత వీధులలో నెమ్మది దొరకదు. కనుక ఊరి వెలుపల తోట ఒకటి సంపాదించి, అచ్చట వారికి నివాసం, విద్య ఏర్పాటు చేసినారు. అదియే ఆనందోద్యానం. ఊరు చోటివ్వనివారికి ఊరి అంచున చోటు కల్పించవలసి రావడం ఆయన విజయమే అయినను, ఊరికి మాత్రం మచ్చయే.

1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, పంతులుగారు తమ యావదాస్తిని దానికి సమర్పించినారు. పిల్లలు లేని దంపతులకు ఆ పాఠశాలలు, శరణాలయమే సంతానం. తాము లేని రోజున పని ఎవరు నడపవలెను, ధనం ఎక్కడినుండి రావలెను, ఏ కట్టడం ఏ ప్రయోజనానికి కేటాయింపబడవలెను అన్న ఆలోచన అందులో కలదు. సరిగా ఆ కాలపు చివరనే, 1914లో, పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు దేశపు పట్టణ నిర్మాణ నిపుణుడు మద్రాసు గవర్నరు పిలుపుపై మన దేశానికి వచ్చినాడు. పాత పేటలను పెళ్లగింపక, జనాన్ని చెదరగొట్టక, అవసరమైనచోట మాత్రమే కత్తెర వేసి బ్రదికించుకోవలెనని ఆయన బోధ. ఆ ఇద్దరి మార్గాలు వేరు. ఒకరు వీధిని చూచినారు, మరొకరు వీధిలోని మనిషిని చూచినారు. అయినను ఊరిని పడగొట్టక లోపలినుండి మార్చవలెనన్న దృష్టి ఇద్దరిదీ ఒక్కటే.

పంతులుగారి చివరి యేండ్లు సుఖంగా గడువలేదు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసినారు. నిందలు, వ్యాజ్యాలు మనస్సును కలచివేసినవి. అయినను కలం వదలలేదు. 1919వ సంవత్సరం మే 27వ తేదీన మద్రాసులో ఆయన పరమపదించినారు.

ఆయన జన్మగృహాన్ని నేడు ప్రభుత్వ పురావస్తుశాఖ స్మారకంగా కాపాడుచున్నది. ఆయన పేరిట పాఠశాల, కళాశాల ఊరిలో కలవు. 2015లో నగరానికి రాజమహేంద్రవరమన్న పూర్వనామం అధికారికంగా తిరిగి లభించినది. పేరును నిలుపుకొనడం మంచిదే, గోడలను నిలుపుకొనడం మంచిదే. కాని ఆ ఇంటి గోడలకు విలువ వచ్చినది సున్నం వలన కాదు. ఒకనాడు ఆ ముంగిట ఒక బాలికకు మరల బ్రతుకు దొరికినందువలన. ఏ పాత పేటను బాగుచేయబూనినను, ఇచ్చట ఎవరికి ఇంకా చోటు లేదన్న ప్రశ్నను ముందుగా వేసుకోవలెను. విద్యార్థులు ఆ ఇంటిని చూడబోయినప్పుడు, అచ్చటినుండి గోదావరి రేవు ఎంత దూరమో కూడ నడచి చూడవలెను. రాజ్యలక్ష్మమ్మగారు నీళ్ల బిందె ఎత్తుకొని వచ్చిన దారి అదే.