దీపధారిణి ధర్మసంకటము

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే, దీపము చేతబూని రాత్రివేళ రోగుల నడుమ తిరుగు కరుణామూర్తి మన కన్నులకు కట్టును. అయితే కరుణ ఒక్కటియే దారి చూపజాలని ఘట్టములును ఆమె జీవితమున కలవు. వానిని విద్యార్థి లోకమునకు తెలుపగోరి మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, ఒక సంపన్న ఆంగ్ల కుటుంబమున ఆమె జన్మించెను. ఇంటివారు వారించినను పరిచర్యనే వృత్తిగా స్వీకరించెను. 1853లో లండనులోని ఒక చిన్న వైద్యాలయమునకు పర్యవేక్షకురాలయ్యెను. ఆంగ్ల చర్చికి చెందినవారినే చేర్చుకొందమని కమిటీవారు తలంపగా, అన్యమతస్థులకును ప్రవేశముండవలెనని పట్టుబట్టి నెగ్గెను.

అంతకంటె కఠినమైన పరీక్ష 1854 నవంబరులో ఎదురయ్యెను. క్రిమియా యుద్ధమున గాయపడిన ఆంగ్ల సైనికుల సేవకై 38 మంది పరిచారికలతో ఆమె ఇస్తాంబుల్ నగరమునకు ఎదుటి తీరమున గల స్కుటారి వైద్యశాలకు చేరెను. సైనిక వైద్యులు వారిని ఆదరింపలేదు. లోపల రోగులు బాధపడుచుండగా, వైద్యుడు కోరనిదే ఎవ్వరును వారిని ముట్టరాదని ఆమె తన పరిచారికలను కట్టడి చేసెను. వారు గుడ్డలు కుట్టుచు వేచియుండిరి. వైద్యుల నమ్మకము పొందనిచో పరిచర్య నిలువదని ఆమె యెంచెను. కొద్ది దినములలో క్షతగాత్రులు వెల్లువగా రాగా వైద్యులే వారిని పిలిచిరి. ఆమె యెంచినది నెరవేరెను. కాని వేచియున్న ఆ దినములలో రోగులు పడిన బాధ వెనుకకు మరలదు గదా! ఆమె చేసినది ఒప్పో తప్పో మేము తేల్చి చెప్పజాలము.

1855 ఫిబ్రవరిలో అచ్చటి రోగులలో నూటికి 42 మంది మరణించిరి. మార్చిలో వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలను శుభ్రపరచి, గాలి ప్రసరించు ఏర్పాట్లు చేసిన పిమ్మట మరణములు త్వరితముగా తగ్గెను. యుద్ధానంతరము గణాంకవేత్త విలియం ఫార్ సహాయమున లెక్కలు పరిశీలించి, తాను సేవించిన వైద్యశాలయే అపరిశుభ్రత వలన ఎందరినో బలిగొన్నదని ఆమె గ్రహించెను. లోకము తనను దేవతగా కొలుచుచున్న ఆ కాలమున మౌనము వహించుట సులభము. ఆమె మౌనము వహింపక, 1858లో ఆ లెక్కలను పటములతో అచ్చువేయించి అధికారులకు పంపెను.

1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేర పరిచారికల శిక్షణాలయము వెలసెను. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసెను.

ఆజ్ఞకు లోబడవలెనా, ఆర్తుని చేరవలెనా? తన సంస్థ లోపమును దాచవలెనా, వెల్లడింపవలెనా? ఈ ప్రశ్నలు నేటికిని ప్రతి వార్డులోను పరిచారికలకు ఎదురగుచునే యున్నవి. మన కళాశాలనుండి ఆ వృత్తికి తరలు సోదరీసోదరులు నైటింగేల్ దీపముతోపాటు ఆమె లెక్కల పుస్తకమును కూడ జ్ఞప్తియందుంచుకొందురుగాక యని మా ఆకాంక్ష.