పావులూరి మల్లన – చతురంగ సంకలితము

తెలుగున గణితశాస్త్రమును పద్యములలో నిబంధించిన తొలి కవిగా పావులూరి మల్లన ప్రసిద్ధుడు. క్రీ.శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఆయన సారసంగ్రహ గణితమను పేర ఆంధ్రీకరించెను. మూలకర్త జైనుడు కాగా మల్లన శివభక్తుడు. ఆ భేదము అనువాదమునందును గోచరించును.

మల్లన జీవితకాలము వివాదాస్పదము. రాజరాజనరేంద్రుని (1022–1061) వలన పిఠాపుర సమీపమున గల నవఖండవాడను అగ్రహారముగా పొందినది ఈ కవియే యని కొందరు, ఇదే పేరుగల ఈయన తాత యని మరికొందరు విమర్శకులు తలచిరి. మొదటి పక్షమున మల్లన నన్నయకు సమకాలికుడగును. అప్పుడు తెలుగున శాస్త్రమును కావ్యమును ఒక్కమారే పుట్టినవని చెప్పవలసి యుండును. రెండవ పక్షమున ఆయన రెండు తరముల తరువాతివాడు.

కాలము సందిగ్ధమైనను ఆయన చెప్పిన ఒక సంఖ్య మాత్రము నిస్సందిగ్ధము. చదరంగమున మొదటి గడికి ఒకటి, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున అరువదినాలుగు గళ్లకును ఇనుమడింపగా వచ్చు మొత్తమును మల్లన ఒక చంపకమాలలో భూతసంఖ్యలతో తెలిపెను. శరము లైదు, చంద్రుడొకడు, తర్కము లారు, దిగ్గజము లెనిమిది. ఇట్టి పదములను అంకెలుగా గ్రహించి, కుడినుండి ఎడమకు నిలుపగా 18446744073709551615 అను ఇరువది స్థానముల సంఖ్య ఏర్పడును. ఇంచుమించు క్రీ.శ. 1000 ప్రాంతమున అల్‌బిరూనీయు ఈ లెక్కనే చర్చించెను.

వ్రాయసకాని చేతిలో ఇట్టి సంఖ్య చెడుట సులభము. నగమనగా ఏడు, నాగమనగా ఎనిమిది. ఒక్క దీర్ఘముచే అంకె మారును. మల్లన పద్యమున నగ శబ్దము కలదు. అచ్చట దీర్ఘము చేరినచో గణభంగమగును. ఇట్లు ఛందస్సు అంకెకు కావలి కాచినది.

గణితమును అట్లే కాచును. రెండును వరుసగా ఆరుమారులు వర్గము చేసి, ఒకటి తీసివేసిన ఈ సంఖ్యయే వచ్చును. వర్గీకరణముతో రెండు ఘాతములను సాధించు మార్గము పింగళుని ఛందశ్శాస్త్రమునందే కలదు. ఈ సంఖ్య అంకెల మొత్తము 87. తొమ్మిదిచే భాగింప శేషము ఆరు. ఏ అంకెయైనను ఒకటి పెరిగినను తరిగినను ఆ శేషము మారును. దీని ప్రధాన కారణాంకములు 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీనిలో 641ని 1732లో ఆయిలరు కనుగొనెను.

కవి కాలనిర్ణయము అవతారికా పద్యముల అన్వయముపై ఆధారపడినది; అన్వయము మారిన కాలము మారును. ఈ సంఖ్య అట్టిది కాదు. శతాబ్దముల లేఖనపరంపరను దాటి వచ్చిన పద్యమును నేటి విద్యార్థి స్వయముగా గుణించి సరిచూచుకొనవచ్చును. మల్లన పాండిత్యమునకు ఇంతకంటె దృఢమైన శాసనము వేరొకటి అక్కరలేదు.