గరికపాటి రాజారావు

డాక్టర్ గరికపాటి రాజారావు (ఫిబ్రవరి 5, 1915 - సెప్టెంబర్ 8, 1963) తెలుగు నాటకరంగ, చలనచిత్ర దర్శకుడు, నటుడు. ఆంధ్ర ప్రజానాట్యమండలి నిర్మాతలలో ముఖ్యుడు. వృత్తిరీత్యా వైద్యుడు. 1953లో విడుదలైన పుట్టిల్లు చిత్రానికి దర్శకత్వం వహించి జమున, అల్లు రామలింగయ్యలను వెండితెరకు పరిచయం చేశాడు. సినిమా చరిత్రలలో ఈయన ప్రస్తావన సాధారణంగా ఈ ఒక్క విషయంతోనే ముగుస్తుంది. అయితే ఈయన కృషిలో అధికభాగం సినిమాకు పూర్వమే, నాటక ప్రదర్శనలలో జరిగింది.

నేపథ్యం

రాజారావు రాజమండ్రిలో జన్మించాడు. వైద్యవిద్య అభ్యసించి డాక్టరుగా పనిచేసినప్పటికీ మనసంతా నాటకంపైనే ఉండేది. ఆనాటి తెలుగు రంగస్థలంపై పద్యనాటకానిదే రాజ్యం. పేరుపొందిన నటులు కంట్రాక్టు పద్ధతిలో వేర్వేరు ఊళ్ళనుండి వచ్చి, ప్రదర్శన రాత్రి కలుసుకుని, కలిసి సాధన చేయకుండానే నాటకం ఆడేవారు. ఎవరి పద్యం వారిది, ఎవరి రాగం వారిది. వన్స్‌మోర్ అంటే చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడిన సందర్భాలున్నాయని రంగస్థల పెద్దలు చెప్పుకునేవారు. నాటకం మొత్తాన్ని ఒక రూపంగా ఊహించే దర్శకుడనే వ్యక్తికి ఇందులో చోటు లేదు. సహజనటన కావాలనీ, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలనీ బళ్ళారి రాఘవ (1880-1946) వంటివారు గట్టిగా కోరినా, ఆ మాట నాటక సమాజాలన్నిటికీ ఎక్కలేదు.

ప్రజానాట్యమండలి

రెండవ ప్రపంచయుద్ధం, బెంగాల్ కరవుల మధ్య 1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. ఆంధ్రప్రాంతంలో ఆ ఉద్యమం ప్రజానాట్యమండలి రూపం దాల్చింది. దీనిని కమ్యూనిస్టు పార్టీ వెన్నంటి నడిపించింది. రాజారావు ఈ సంస్థను కూడగట్టినవారిలో ముందువరుసలో నిలిచాడు.

మండలి కళాకారులు పట్నపు నాటకశాలలకే పరిమితం కాలేదు. బుర్రకథ, వీధినాటకం, గొల్లసుద్దులు, కోలాటం వంటి పల్లెరూపాలను తీసుకుని వాటిలో సమకాలీన విషయాలను చెప్పారు. బుర్రకథకు షేక్ నాజర్ (1920-1997) తెచ్చిన ప్రాభవం ఈ వేదికపైనే మొదలైంది. కొండపల్లి కోటేశ్వరమ్మ, మోటూరి ఉదయం వంటి స్త్రీలు జంకు లేకుండా వేదికలెక్కారు. గౌరవ కుటుంబాల స్త్రీలు ముఖానికి రంగు వేసుకోవడం తప్పుగా భావించే రోజులవి. మండలి సాధించిన మార్పులలో బహుశా ఇదే పెద్దది. నినాదాలను మరచిపోయినవారు కూడా దీనిని కాదనలేరు.

మండలి ప్రదర్శించిన నాటకాలలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ముందడుగు, మాభూమి ప్రసిద్ధమైనవి. మాభూమి ఇతివృత్తం తెలంగాణ రైతాంగ పోరాటం. నేటి రఘునాథపల్లి, దేవరుప్పుల మండలాలున్న జనగామ ప్రాంతం అప్పుడు నైజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో ఉండేది. కామారెడ్డిగూడెం గ్రామానికి చెందిన షేక్ బందగీ తన భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో పోరాడి 1940లో హత్యకు గురయ్యాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఈ వేడి చల్లారకముందే మాభూమి వేదికనెక్కింది. సంఘటనలు నైజాం గడ్డమీద, నాటకం మాత్రం సరిహద్దు ఇవతల ఆంధ్ర జిల్లాలలో! పత్రికలు అందని పల్లెలకు ఈ నాటకమే వార్తగా వెళ్ళింది. ఎన్నో దళాలు దీనిని ఏకకాలంలో ఆడాయి. చివరకు మద్రాసు ప్రభుత్వం నిషేధం విధించింది.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో బి.నర్సింగరావు నిర్మించిన మా భూమి చలనచిత్రం ఈ నాటకం ఆధారంగా తీసినది కాదు. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. పేరు ఒకటే కావడంతో ఈ రెంటినీ కలిపి చెప్పడం కనిపిస్తుంది.

1948 తరువాత కమ్యూనిస్టులపై నిర్బంధం తీవ్రం కావడంతో మండలి చెల్లాచెదురైంది. కళాకారులలో కొందరు అజ్ఞాతవాసంలోకి, కొందరు జైళ్ళకు వెళ్ళారు. మరికొందరు మద్రాసు రైలెక్కారు.

పుట్టిల్లు

రాజారావు కూడా సినిమావైపు తిరిగాడు. ఇంచుమించు ఇదే కాలంలో అమెరికాలో ఎలియా కజాన్ అనే దర్శకుడు తాను 1947లో రంగస్థలంపై నడిపించిన నాటకాన్ని, అందులోని మార్లన్ బ్రాండోతోనే 1951లో సినిమాగా తీసి గెలిచాడు. ఆయనదీ వామపక్ష నాటకరంగ నేపథ్యమే. కాని 1952లో ప్రభుత్వ విచారణ సంఘం ముందు పాత సహచరుల పేర్లు చెప్పి అపకీర్తి పొందాడు. నాటకరంగం నుండి నటులను వెంటబెట్టుకుని వచ్చిన రాజారావుకు కజాన్ విజయం దక్కలేదు, ఆ మచ్చా అంటలేదు.

దుగ్గిరాలలో పెరిగిన జమున (1936-2023) నాటకాలలో నటిస్తుండగా రాజారావు చూసి కథానాయిక పాత్ర ఇచ్చాడు. అప్పటికి ఆమె పదహారేళ్ళ బాలిక. పాలకొల్లుకు చెందిన అల్లు రామలింగయ్య (1922-2004) మండలి నాటకాల ద్వారా ఆయనకు పరిచయమైనవాడు. పుట్టిల్లులో రాజారావు స్వయంగా నటించాడు కూడా.

చిత్రం ఆర్థికంగా విఫలమైంది. పాతాళభైరవి (1951), పెళ్ళిచేసి చూడు (1952) వంటి విజయా వారి చిత్రాల హంగుకు అలవాటుపడిన ప్రేక్షకులు, అదే ఏడాది దేవదాసును గుండెలకు హత్తుకున్న ప్రేక్షకులు, పెద్ద తారలు లేని ఈ సాంఘిక చిత్రాన్ని ఆదరించలేదు. నాటకంలో ఊరివారి చందాలతో, కార్యకర్తల శ్రమతో ప్రదర్శన గడిచిపోతుంది. సినిమాకు ఫిల్ము, స్టూడియో అద్దె, పంపిణీదారు అన్నీ రొక్కమే. సమష్టికృషి అనే మండలి బలం ఇక్కడ అక్కరకు రాలేదు.

తరువాతి కాలం

ప్రజానాట్యమండలి నుండి వచ్చినవారు మాత్రం తెలుగు సినిమాలో బలంగా పాతుకున్నారు. తాతినేని ప్రకాశరావు, వి.మధుసూదనరావు, కె.బి.తిలక్ దర్శకులుగా, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి నటుడిగా పేరుపొందారు. 1955లో మిస్సమ్మ వచ్చేనాటికే జమున పేరున్న తార. అల్లు రామలింగయ్య వెయ్యికి పైగా చిత్రాలలో నటించి 1990లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నాడు.

రాజారావు 1963 సెప్టెంబర్ 8న, 48 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన తొలిసారి కెమెరా ముందు నిలబెట్టిన జమున, 1989లో ఆయన పుట్టిన ఊరు రాజమండ్రి నియోజకవర్గం నుండే లోక్‌సభకు ఎన్నికైంది.