ఉప్పునేలల పక్షులకు లెక్క రాసిన సలీం అలీ

ముంబయి, నవీ ముంబయి నగరాల నడుమ థానే కడలిపాయ ఉంది. శీతకాలం నుంచి వేసవి వరకు అక్కడ పడవెక్కిన వారికి మడచెట్ల ముందరి బురదనేలపై బారులు తీరిన ఫ్లెమింగోలు కనిపిస్తాయి. ఆ పక్షుల సంతానోత్పత్తి స్థావరాన్ని చూసేందుకు కచ్ ఉప్పు ఎడారిలోకి వెళ్లిన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఈ మహానగరంలోనే జన్మించారు.

1896 నవంబరు 12న పుట్టిన సలీం అలీ మూడేళ్లు నిండేసరికి తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో గాలితుపాకితో కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ ఉండటం ఆయనను ఆశ్చర్యపరచింది. దాని పేరు తెలుసుకునేందుకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలుడికి సంస్థ భద్రపరచిన పక్షుల నమూనాలన్నీ చూపారు. జీవితమంతా సాగిన బంధం అక్కడ మొదలైంది.

1926లో మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, బెర్లిన్‌లో స్ట్రెసెమన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధుల కొరతతో ఆ ఉద్యోగమే రద్దయింది. దిక్కుతోచని ఆ స్థితిలో భార్య తెహ్మీనాతో కలిసి ముంబయి రేవుకు ఆవలి తీరంలోని కిహిం గ్రామానికి చేరారు. అక్కడ గిజిగాళ్లను నెలల తరబడి పరిశీలించారు. మగపక్షి గూడును సగం అల్లుతుందని, ఆడపక్షి వచ్చి నచ్చితేనే దాన్ని పూర్తి చేస్తుందని, ఆపై మరో గూడు మొదలుపెడుతుందని గుర్తించారు. నిరుద్యోగ కాలమే ఆయనకు శాస్త్రవేత్తగా పేరు తెచ్చింది.

అనంతరం ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేస్తానని సంస్థానాలకు ప్రతిపాదించారు. 1931లో హైదరాబాద్ సంస్థానంలో ఆ పని ప్రారంభమైంది. శిబిరాల్లో తోడున్న తెహ్మీనా 1939లో మరణించడం ఆయనను కుంగదీసింది. అయినా పని ఆపలేదు. 1941లో వెలువడిన ఆయన గ్రంథం సామాన్యులకు భారతీయ పక్షులను పరిచయం చేసింది.

1945లో గ్రేటర్ రణ్‌లోని ఫ్లెమింగో నగరానికి వెళ్లి, అక్కడ సుమారు 5 లక్షల పక్షులున్నట్లు అంచనా వేశారు. తర్వాతి దశాబ్దాల్లో వలసల గుట్టు తేల్చేందుకు పక్షుల కాళ్లకు సంఖ్యలున్న లోహపు ఉంగరాలు తొడిగే కార్యక్రమాన్ని నడిపించారు. తమిళనాడులోని పాయింట్ కాలిమేర్ ఉప్పునేలలు దానికి ముఖ్య కేంద్రమయ్యాయి.

అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనిపించడం ఆయన జీవితకాలంలోనే జరిగింది. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు.

థానే కడలిపాయకు ఫ్లెమింగోలు పెద్ద సంఖ్యలో రావడం ఆ తర్వాతి దశాబ్దంలో మొదలైంది. తన నగరం ముంగిట ఆ దృశ్యాన్ని సలీం అలీ చూడలేకపోయారు. అయితే ఏ పక్షి ఎక్కడ, ఎన్ని, ఎప్పుడు అని ఏళ్ల తరబడి రాసిపెట్టే పద్ధతిని ఆయన వదలి వెళ్లారు. 2015లో అభయారణ్యంగా, 2022లో రామ్‌సర్ స్థలంగా థానే కడలిపాయ గుర్తింపు పొందింది. చుట్టూ భవనాలు పెరుగుతున్న ఆ బురదనేల ఎందుకు మిగలాలో చెప్పేది కూడా పక్షుల లెక్కే.