అయిదు పౌండ్ల సంచి

ఉత్తరాలకు అంటించే తొలి స్టాంపు, పెన్నీ బ్లాక్, ఇంగ్లాండులో 1840లో వచ్చింది. ఎడ్వర్డ్ స్టాన్లీ గిబ్బన్స్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ప్లిమత్ రేవు పట్నంలో. తండ్రిది మందుల దుకాణం. కొడుక్కి స్టాంపుల పిచ్చి. 1856లో ఆ దుకాణంలోనే ఓ మూల స్టాంపుల అమ్మకం మొదలైంది.

1863లో ఇద్దరు నావికులు సంచి పట్టుకొచ్చారు. నిండా కేప్ ఆఫ్ గుడ్ హోప్ ముక్కోణపు స్టాంపులే! గిబ్బన్స్ అయిదు పౌండ్లకు కొనేశారు.

అందరూ ఈ బేరం గురించే చెప్పుకుంటారు గానీ, అసలు పని 1865లో జరిగింది. ఆయన ధరల పట్టిక అచ్చేయించారు. ముఖం చూడని వ్యాపారికి పోస్టులో డబ్బు పంపాలంటే ధైర్యం కావాలి కదా. ఏ స్టాంపు ఎంతో ముందే కాగితం మీద కనిపిస్తే ఆ భయం సగం పోతుంది.

1874లో ఆయన లండన్ చేరారు. 1890లో వ్యాపారాన్ని చార్లెస్ ఫిలిప్స్‌కు 25,000 పౌండ్లకు అమ్మేశారు. 1913లో కన్నుమూశారు.

ఆ పట్టికే పెరిగి పెద్ద కేటలాగు అయింది. 1869 నుంచి నిజాం రాజ్యం వేసిన స్టాంపులకూ అందులో నంబర్లున్నాయి. తాతల నాటి పెట్టెలో ఉర్దూ అక్షరాల స్టాంపు దొరికితే, సేకరించేవాళ్లు ఇప్పటికీ అడిగేది గిబ్బన్స్ నంబరే.