స్వాంటే అర్హీనియస్

రసాయనశాస్త్రము చదువు బాలబాలికలకు సమ్మేళనముల సాంకేతికములు వ్రాయుట పెద్ద చిక్కు. ఉప్పులో సోడియమునకు ఒక క్లోరిన్ చాలియుండగా, కాల్షియమునకు రెండు కావలసివచ్చుట యేల? కారణ మెఱుగక వల్లెవేయువారే పెక్కురు. ఈ లెక్కను సుబోధము చేసిన భావమునకై తన పట్టమునకే ముప్పు తెచ్చుకొన్న స్వీడను దేశీయుని చరిత్ర మిది.

అర్హీనియస్ 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా పట్టణ సమీపమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే ఎవరును నేర్పకయే చదువ నేర్చెనని చెప్పుదురు. ఉప్సాలా విశ్వవిద్యాలయమున చేరెను గాని, అచటి బోధన తృప్తి నీయనందున 1881లో స్టాక్‌హోమునకు పోయి, ఎడ్లుండ్ అను భౌతికశాస్త్రజ్ఞునియొద్ద ద్రావణములలో విద్యుత్తు ప్రవహించు విధమును పరిశోధింప మొదలిడెను.

ద్రావణమున విద్యుత్తును మోసికొనిపోవు కణములకు అయానులని 1834లోనే మైకేల్ ఫారడే పేరిడియుండెను. ఈ పేరు పెట్టుటలో హ్యూవెల్ అను పండితుడు ఆయనకు తోడ్పడెను. గ్రీకుభాషలో ఆ మాటకు పోవునది యని యర్థము. పేరు కుదిరినది గాని, అవి ఎప్పుడు పుట్టునో తేలలేదు. విద్యుత్తు ప్రవేశించినపుడే అణువులు విడిపోవునని పెక్కురు తలంచుచుండిరి.

1884లో అర్హీనియస్ తన పరిశోధనగ్రంథమును ఉప్సాలాలో సమర్పించెను. ద్రావణము పలుచనగుకొలది అందలి లవణములో విద్యుత్తును మోయు భాగము హెచ్చునని ఆయన చూపెను. క్లీవ్ మొదలగు ఆచార్యులకు ఇది రుచింపలేదు. పట్టము దొరకినది గాని చాల తక్కువ తరగతిలో దొరకినది. అట్టి పట్టముతో అధ్యాపక పదవి ఆశించుట కష్టము. పాపము, ఇరువదియైదేండ్ల యువకుడు! నిరాశపడక ఆయన తన గ్రంథపు ప్రతులను పరదేశ పండితులకు పంపెను. వారిలో రీగా నగరపు ఓస్ట్‌వాల్డ్ ఆ యేడే స్వయముగా ఉప్సాలాకు వచ్చి, తన యొద్ద ఉద్యోగ మిచ్చెదనని చెప్పెను. పరదేశీయు డంత ఆదరించిన పిమ్మట స్వదేశీయులును మేలుకొని, ఉప్సాలాలోనే ఒక అధ్యాపక పదవి నిచ్చిరి.

1887లో ఆయన తన సిద్ధాంతమును స్పష్టముగా ప్రకటించెను. లవణము నీట కరగినంతనే, విద్యుత్తు ప్రవహింపకున్నను, అయానులుగా విడిపోవును. దీనిని విని నవ్వినవారు కలరు. నీట పడగానే బుసకొట్టుచు పరుగులిడు సోడియమును, విషవాయువగు క్లోరినును గ్లాసెడు ఉప్పునీట స్వేచ్ఛగా తిరుగునా యని వారి యాక్షేపణ. కాని సోడియం అయాను సోడియం పరమాణువు గాదు. దానికి ఒక ధనావేశము కలదు. క్లోరైడు అయానునకు ఒక ఋణావేశము కలదు. ఆ యావేశము వలన గుణమే మాఱిపోవును.

నీరు గడ్డకట్టు ఉష్ణత ఆయనకు మంచి సాక్ష్య మిచ్చెను. నీటిలో ఏదేని కరగినపుడు ఆ యుష్ణత తగ్గును. పలుచని ద్రావణములలో ఆ తగ్గుదల కరగిన కణముల సంఖ్యను బట్టి యుండును. చక్కెరతో కలుగు తగ్గుదలకు, అదే ప్రమాణమున ఉప్పు కరగిన ఇంచుమించు రెండింతలును, కాల్షియం క్లోరైడు కరగిన ఇంచుమించు మూడింతలును కలుగును. కాల్షియం అయాను ఒకటి, క్లోరైడు అయానులు రెండు, వెరసి మూడు! కాల్షియమునకు రెండు ధనావేశము లుండుటచే, వానిని సరిపెట్టుటకు ఒంటి ఋణావేశముగల క్లోరైడులు రెండు కావలెను. అల్యూమినియమునకు మూడు ధనావేశములు, సల్ఫేటునకు రెండు ఋణావేశములు. రెండు అల్యూమినియములకు మూడు సల్ఫేటులు కూడినగాని ఆరును ఆరును సరిపోవు. పేర్లలోను ఇదే లెక్క. రెండావేశముల ఇనుమును ఫెర్రస్ అనియు, మూడావేశముల ఇనుమును ఫెర్రిక్ అనియు పిలిచిరి. నేడు ఐరన్ రెండు, ఐరన్ మూడు అని వ్రాయుదురు. కావున ఫెర్రస్ క్లోరైడులో క్లోరైడులు రెండు, ఫెర్రిక్ క్లోరైడులో మూడు.

1895లో అర్హీనియస్ స్టాక్‌హోమున ఆచార్యుడయ్యెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు హెచ్చిన భూమి వేడెక్కునని 1896లో ఆయన వేసిన లెక్క నేడు లోకమంతట చర్చకు వచ్చుచున్నది. 1903లో అయానుల సిద్ధాంతమునకై రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. ఆనాడు రసాయనశాస్త్రపు నోబెల్ సంఘమునకు అధ్యక్షుడు ఎవరనుకొన్నారు? ఆ క్లీవే.

తరువాత 1913లో బ్రాగ్ తండ్రికొడుకులు ఎక్స్ కిరణములతో పరీక్షించి, గట్టి ఉప్పురవ్వలో సైతము జంట అణువులు లేవనియు, ఒక్కొక్క సోడియం అయాను చుట్టును ఆరు క్లోరైడు అయాను లుండుననియు కనుగొనిరి. అనగా ఉప్పు సాంకేతికము తెలుపునది అయానుల పాలు మాత్రమే.

అర్హీనియస్ 1927వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్టాక్‌హోమున మరణించెను. ఆయన సమాధి ఉప్సాలాలో నున్నది.