డాక్టర్ జాకీర్ హుస్సేన్ – అర్థశాస్త్ర విద్యార్థి

అర్థశాస్త్రము చదివిన ఏ ఉద్యోగము లభించునని అన్నవరం, తుని ప్రాంతాల విద్యార్థులు తరచు అడుగుతుంటారు. బ్యాంకులు, గణాంక శాఖలు, అధ్యాపక వృత్తి, 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనామిక్ సర్వీసు – ఈ జవాబులు చెప్పనే చెబుతున్నాము. అయితే, రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన ఒక అర్థశాస్త్రజ్ఞుడు తన పట్టాను మొదట ఎక్కడ వినియోగించారో కూడ చెప్పదలచితిమి.

డాక్టర్ జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ అక్కడ న్యాయవాది. పదేళ్ల ప్రాయమున తండ్రిని, మరి నాలుగేళ్లకు ప్లేగు వలన తల్లిని కోల్పోయారు. వైద్యుడు కావలెనన్న కోరిక అనారోగ్యము వలన నెరవేరలేదు. అలీగఢ్‌లో అర్థశాస్త్రము అభ్యసించారు. 1920లో గాంధీజీ పిలుపు నందుకొని ఆ కళాశాలను వీడి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపకులలో ఒకరైనారు. 1922లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఆచార్య వెర్నర్ జోంబార్ట్ వద్ద భారత వ్యవసాయ వ్యవస్థపై పరిశోధించి 1926లో డాక్టరేటు పొందారు. అక్కడే గాలిబ్ దివాన్‌ను అచ్చు వేయిస్తూ, అచ్చక్షరాలను కొంత స్వహస్తాలతోనే కూర్చారట! మన ఉర్దూ విద్యార్థులకిది ముచ్చట గొలుపు విషయము.

తిరిగి వచ్చేసరికి జామియా ఢిల్లీకి తరలినది. ఖిలాఫత్ ఉద్యమము చల్లారుటతో విరాళాలు అడుగంటినవి. బెర్లిన్ పట్టాకు మంచి జీతము దొరకని రోజులు కావవి. అయినను ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ఆ సంస్థకు ఉపకులపతియై, సహచరులతో కలిసి నెలకు 150 రూపాయలకు మించని వేతనముపై ఇరవై ఏళ్లు పనిచేయ ప్రతిన పూనారు. ఆ స్వల్ప వేతనమైనను సక్రమముగా అందెడిది కాదు. గ్రంథాలలో చదివిన రాబడి, వ్యయముల శాస్త్రమును ఖాళీ ఖజానా ముందు కూర్చొని ఆచరించవలసి వచ్చినది. ఆ నడుమనే ఫ్రీడ్రిక్ లిస్ట్ అర్థశాస్త్ర గ్రంథమును, ప్లేటో 'రిపబ్లిక్'ను ఉర్దూలోకి అనువదించారు. అర్థశాస్త్రము ఆంగ్లములో తప్ప అబ్బదని జంకే మన విద్యార్థులు ఈ సంగతి గమనింపదగును.

1937లో వార్ధా విద్యా ప్రణాళికా సంఘమునకు అధ్యక్షత వహించారు. పిల్లల చేతిపనుల రాబడితో బడి నడవాలన్న అంశమును నాడు పలువురు విమర్శించారు. ఆ విమర్శలో కొంత న్యాయమున్నదనియే మా అభిప్రాయము.

1948లో జామియాను వీడి అలీగఢ్ ఉపకులపతి అయినారు. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యత స్వీకరించినది మన తెలుగువారైన వి.వి. గిరి. జాకీర్ హుస్సేన్ భౌతికకాయమును జామియా ప్రాంగణముననే ఖననము చేశారు.